ఎక్కించడానికి మూడు దారులు, దించడానికి ఒక్కటీ లేదు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం చర్చ 656వ సంవత్సరం నాటి మదీనా గురించి. ముహమ్మద్ ప్రవక్త తర్వాత ముస్లిం రాజ్యాన్ని ఏలిన పాలకులను ఖలీఫాలంటారు. వాళ్లలో మూడోవారైన ఉస్మాన్‌ను ఆ ఏడాది ఆయన ఇంట్లోనే చంపేశారు. చంపినవాళ్లు ఆయన రాజ్యపు సైనికులే. స్టూడియోలో ఇద్దరున్నారు. చరిత్ర పాఠాలు చెప్పే మేడం ఒకరు, అరబిక్ చదువుకున్న అనువాదకుడు మరొకరు. మేడం, గొడవ ఎక్కడ మొదలైంది?

అధ్యాపకురాలు: అందరూ మతం దగ్గర మొదలుపెడతారండీ. నేను జీతాల పద్దు దగ్గర మొదలుపెడతాను. రెండో ఖలీఫా ఉమర్ పాలించిన పదేళ్లలో సిరియా, ఇరాక్, ఈజిప్టు అరబ్బుల చేతికొచ్చాయి. సొమ్ము కుప్పలుగా వచ్చిపడింది. ఎవరికెంత ఇవ్వాలో ఆయన పద్దు రాయించారు. దాని పేరు దివాన్.

అనువాదకుడు: మన దివాణం ఆ మాటే మేడం. పారసీ మీదుగా మనదాకా వచ్చింది.

అధ్యాపకురాలు: అవును. ఆ పద్దులో ఇస్లాంలోకి ముందు వచ్చినవాళ్లది పెద్ద వాటా. 624లో మక్కావాళ్లతో జరిగిన బద్ర్ యుద్ధంలో నిలబడ్డవాళ్లకు ఏడాదికి 5,000 దిర్హమ్‌లు, అంటే వెండి నాణేలు, అని పాత చరిత్రకారులు రాశారు. ఇరాక్‌లో కూఫా, బస్రా, ఈజిప్టులో ఫుస్తాత్ లాంటి సైనిక శిబిర పట్టణాల్లో ఆ తర్వాత వచ్చి చేరిన సైనికుడికి అందులో చిన్న ముక్క. దేశాలు గెలుస్తున్నంతకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యుద్ధలాభం తగ్గేసరికి లెక్కలు అడగడం మొదలైంది.

వ్యాఖ్యాత: అదే సమయంలో ఉస్మాన్ తన వాళ్లకు పదవులిచ్చారు కదా?

అధ్యాపకురాలు: ఇచ్చారు. కూఫాకు గవర్నరుగా తల్లి వైపు తమ్ముడు వలీద్. ఈజిప్టుకు పాలసోదరుడు, అంటే ఒకే తల్లి పాలు తాగిన అబ్దుల్లా ఇబ్న్ సాద్. వలీద్ మీద తాగుడు ఆరోపణ రుజువై, కొరడా దెబ్బలు వేయించి తీసేయాల్సి వచ్చింది. ఆ కుర్చీలో మళ్లీ కూర్చున్నది కూడా ఉస్మాన్ వంశం మనిషే!

అనువాదకుడు: ఒక్క నిమిషం మేడం. ఉస్మాన్ బంధువే అయిన ముఆవియాను సిరియా గవర్నరుగా పెట్టింది ఉమర్. అది ఉస్మాన్ ఖాతాలో వేయకూడదు. అబ్దుల్లా ఇబ్న్ సాద్ అసమర్థుడేమీ కాదు, తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియం నౌకాదళాన్ని సముద్రం మీద ఓడించిన యుద్ధంలో సేనాని ఆయనే. పైగా ఉస్మాన్ మొదటినుంచీ ధనవంతుడు. మదీనాలో రూమా బావిని సొంత డబ్బుతో కొని ఊరందరికీ వదిలేసిన మనిషి.

అధ్యాపకురాలు: మంచి మనిషి కాదని నేననలేదు సార్. మంచి మనిషి ఇంటివాళ్లకు కాదనలేకపోవడమే ఇక్కడి చిక్కు.

వ్యాఖ్యాత: ఆ ఉత్తరం సంగతి చెప్పండి. మా ప్రేక్షకుల్లో చాలామంది విని ఉండరు.

అనువాదకుడు: ఈజిప్టు నుంచి కొన్ని వందలమంది ఫిర్యాదుతో వచ్చారు. ఉస్మాన్ మాటిచ్చారు, వాళ్లు తిరుగుదారి పట్టారు. దారిలో ఒంటె మీద ఒకడు కంగారుగా పోతూ కనిపించాడు. పట్టుకుని సోదా చేస్తే ఉత్తరం దొరికింది. 'వీళ్లు రాగానే శిక్షించు' అని గవర్నరుకు ఆజ్ఞ, కింద ఖలీఫా ముద్ర. ఒంటె ఖలీఫాది, మోస్తున్నవాడు ఖలీఫా సేవకుడు. జనం వెనక్కి తిరిగారు. ఉస్మాన్ ఒట్టేసి చెప్పారు, నేను రాయలేదని. చాలామంది అనుమానం ఆయన దగ్గర రాతకోతలు చూసే మర్వాన్ మీద. అతనూ బంధువే.

అధ్యాపకురాలు: ఆ ముద్రకు కూడా ఒక కథ ఉంది. ముహమ్మద్ ప్రవక్త ముద్ర ఉంగరం మొదటి ఖలీఫా అబూబకర్, ఉమర్‌ల తర్వాత ఉస్మాన్ వేలికొచ్చింది. ఈ గొడవకు కొన్నేళ్ల ముందు మదీనాలో అరీస్ బావి గట్టున కూర్చుని ఉండగా జారి నీళ్లలో పడింది. మూడు రోజులు నీళ్లు తోడించినా దొరకలేదు. తర్వాత అలాంటిదే ఇంకొకటి చేయించుకున్నారు.

వ్యాఖ్యాత: మరి ఒట్టు నమ్మలేదా?

అనువాదకుడు: నమ్మినా నమ్మకపోయినా ఒకటేనన్నారు. నువ్వు రాస్తే అబద్ధాలకోరువి, నీకు తెలియకుండా నీ ముద్ర వాడారంటే చేతకానివాడివి, ఎలా చూసినా దిగిపో అని.

అధ్యాపకురాలు: నాకు అసలు విషయం అక్కడుంది. అబూబకర్‌ను 632లో సఖీఫా పందిరి కింద వాదించుకుని ఎన్నుకున్నారు. ఉమర్‌ను అబూబకర్ చనిపోతూ చెప్పి వెళ్లారు. ఉస్మాన్‌ను ఆరుగురి సంఘం తేల్చింది. గద్దె ఎక్కించడానికి మూడు దారులు చూశారు. దించడానికి ఒక్కటీ లేదు. దేవుడు తొడిగిన అంగీని నేను విప్పనని ఉస్మాన్ అన్నారంటారు. ఆయన వైపునుంచి చూస్తే, గుంపు అరిచిందని దిగితే రేపు ప్రతి ఖలీఫాకూ అదే గతి.

వ్యాఖ్యాత: ముట్టడి ఎన్నాళ్లు?

అనువాదకుడు: నలభై రోజులకు అటూఇటూ. నీళ్లు కూడా పోనివ్వలేదు. రూమా బావి కొనిచ్చిన మనిషికి! చివరికి పక్కింటి గోడ దూకి లోపలికొచ్చారు. వృద్ధుడు ఖురాన్ ముందు పెట్టుకుని చదువుకుంటున్నారు. అడ్డం వచ్చిన భార్య నాయిలా వేళ్లు తెగిపోయాయి. ఆ వేళ్లు, నెత్తుటి చొక్కా సిరియాలోని డమాస్కస్ చేరాయి. ముఆవియా వాటిని మసీదులో జనానికి చూపించాడు.

అధ్యాపకురాలు: ఆ చొక్కా ఒక సైన్యాన్నే కూడగట్టింది. ప్రవక్త అల్లుడు అలీ ఖలీఫా అయ్యారు. ఉస్మాన్ హత్యకు శిక్ష కోరినవాళ్లతో బస్రా దగ్గర ఒంటె యుద్ధం, 657లో ముఆవియాతో సిఫ్ఫీన్ యుద్ధం, ఈటెలకు ఖురాన్ కట్టి ఆపిన పోరు, మధ్యవర్తుల తీర్పు. ఆ తీర్పే వద్దని అలీ సైన్యంలోంచి విడిపోయిన ఖారిజీ ఒకడు 661లో కూఫా మసీదులో ఆయన్ను కత్తితో కొట్టాడు. పగ్గాలు ముఆవియా చేతికి, అక్కణ్నుంచి కొడుకు యజీద్ చేతికి.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి మెసేజ్ ఉంది. 'మా ఊళ్లో పీర్ల పండుగకు గుండం తొక్కుతాం. దీనికీ దానికీ సంబంధం ఉందా?'

అనువాదకుడు: నేరుగా ఉందండీ. 680లో కర్బలాలో యజీద్ సైన్యం చంపిన హుసేన్, అంతకుముందే పోయిన అన్న హసన్, వాళ్ల పేరు మీద ఎత్తేవే పీర్లు. ఇద్దరూ అలీ కొడుకులు. ఇంకో మాట, ముట్టడి రోజుల్లో అలీ ఉస్మాన్ ఇంటి గుమ్మం దగ్గర కాపలా పెట్టింది ఈ కొడుకులనే. ఆ పెనుగులాటలో హసన్‌కు గాయమైందని చాలా కథనాల్లో ఉంది. హంతకులు మాత్రం గుమ్మంలోంచి రాలేదు.