సీటు ఇచ్చేదీ కాదు, చీవాట్లు పెట్టేదీ కాదు: వ్యక్తిగత కౌన్సెలింగ్

[తెరపై: ర్యాంకు కార్డులతో వరుసలో నిలబడిన విద్యార్థులు]

నమస్కారం. 'కౌన్సెలింగ్' అనగానే మనకు మొదట గుర్తొచ్చేది ఇంజినీరింగ్ సీట్లు. ఆ తర్వాత, తాగి బండి నడిపి పట్టుబడినవారికి పోలీసులు ఇచ్చే కౌన్సెలింగ్. ఒకచోట సీటు ఇస్తారు, మరోచోట చీవాట్లు పెడతారు. ఈ వీడియోలో మాట్లాడుకునేది మనసులోని ఇబ్బందులకు సాయపడే వ్యక్తిగత కౌన్సెలింగ్. ఇందులో ఆ రెండూ ఉండవు. సలహాలు కూడా పెద్దగా ఉండవు. సలహా చెప్పనివారికి ఫీజు ఎందుకు ఇవ్వాలి అంటారా? అక్కడికే వస్తున్నాను.

[తెరపై: చిన్న గది, రెండు కుర్చీలు, గోడ గడియారం]

సలహాలకు మన ఇళ్లలో కరువు లేదు. నిద్ర పట్టడం లేదంటే మేనత్త పాలు తాగమంటుంది, బాబాయి పెళ్లి చేసుకోమంటాడు, పక్కింటాయన పొద్దున్నే లేచి నడవమంటాడు. ముగ్గురూ మన మేలు కోరేవాళ్లే. కానీ నిద్ర ఎందుకు పట్టడం లేదో అడిగి, మనం చెప్పడం పూర్తయ్యేదాకా ఆగేవాళ్లు అరుదు. కౌన్సెలర్ చేసే మొదటి పని అదే.

సాధారణంగా ఒక్కో సెషన్ 45 నిమిషాల నుంచి గంట వరకు ఉంటుంది. మొదటిరోజు ఎక్కువగా ప్రశ్నలే. నిద్ర, ఆకలి, ఉద్యోగం, ఇంటి పరిస్థితి, ఇంతకుముందు వాడిన మందులు. 'చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా' అని కూడా సూటిగా అడగవచ్చు. ఉలిక్కిపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టుకురాదు, ఉన్నది మాత్రం బయటికి వస్తుంది. మధ్యలో మీరు మౌనంగా ఉండిపోతే కౌన్సెలర్ కూడా కాసేపు మాట్లాడకపోవచ్చు. మనవాళ్లకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది ఆ నిమిషమే. ఆ రోజు ఇంటికి వచ్చాక మనసు తేలికపడకపోగా ఇంకాస్త బరువెక్కవచ్చు కూడా. ఎన్నాళ్లుగానో మూసిపెట్టిన గది తలుపు తీస్తే దుమ్ము లేవదా మరి.

[తెరపై: తెల్లకాగితం మీద గళ్లు గీస్తున్న చేయి]

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక ఉద్యోగిని ఉన్నారనుకోండి. 'ఒకసారి నా గదికి రండి' అని మేనేజరు మెసేజ్ పెడితే చాలు, చేతులు చల్లబడతాయి. కౌన్సెలర్ 'భయపడకండి' అనరు. కాగితం మీద గళ్లు గీసి ఇస్తారు. ఏం జరిగింది? మేనేజరు పిలిచారు. అప్పుడు ఏమనుకున్నారు? ఉద్యోగం పోయినట్లే. ఏమనిపించింది? భయం. వందకు ఎంత? 90. ఇక తర్వాతి గడి దగ్గర ఆమె కలం ఆగుతుంది: ఉద్యోగం పోతుందనడానికి రుజువేమిటి? వెనక్కి వెళ్లి లెక్క వేసుకుంటే ఈ ఏడాది మేనేజరు ఆరుసార్లు పిలిచారు. నాలుగుసార్లు సెలవుల పట్టిక గురించి, ఒకసారి కొత్త పని అప్పగించడానికి, ఒక్కసారి మాత్రం నిజంగానే తప్పు ఎత్తిచూపడానికి. ఉద్యోగం మాత్రం ఉంది. భయం ఇప్పుడెంత? 55. సున్నా కాలేదు, చూశారుగా. ఆ కాగితం ఇంటికి తీసుకువెళ్లి వారమంతా నింపాలి, అదే హోంవర్క్.

ఈ పద్ధతిని సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. 1960లలో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ దీనికి పునాది వేశారు. మామూలుగా 6 నుంచి 20 సెషన్లు పడుతుంది. ఇది ఒక్కటే మార్గం కాదు. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న మనిషికి గళ్ల కాగితం ఒక్కటే సరిపోకపోవచ్చు.

'మావాడికి మీరైనా గట్టిగా చెప్పండి మేడమ్' అంటూ పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఉంటారు. మంచి కౌన్సెలర్ ఆ పని ఒప్పుకోరు. ఎదిగిన పిల్లలు లోపల ఏం చెప్పారో బయట కూర్చున్న తల్లిదండ్రులకు చేరవేయరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు మినహాయింపులు ఉంటాయి. ఆ హద్దులేమిటో మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే వైద్యవిద్య చదివిన మనోవైద్యుడు. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, మొహమాటపడకండి. ఇంటికి పనిమనిషిని పెట్టుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుతాం కదా! రెండు మూడు సెషన్ల తర్వాత కూడా మాట కలవకపోతే మరొకరి దగ్గరికి మారడం తప్పేమీ కాదు.

[తెరపై పెద్ద అక్షరాలతో: 14416]

ఫీజు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రత్యేకంగా మానసిక వైద్యశాలలే ఉన్నాయి. గడప దాటడానికి మనసు రాకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో తోచకపోతే 'ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు' అనండి. మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.