అది వేడి చేయడం కాదు బాబోయ్!

రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఎక్కించుకున్న మనిషికి, అదే స్టెమ్ సెల్ మార్పిడి అయిన మనిషికి, నోరు పూసిందంటే చాలు, చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "వేడి చేసింది, బీ కాంప్లెక్స్ వేసుకో, సబ్జా నీళ్లు తాగు." వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నోటి లోపలి పొరను నారుమడి అనుకోండి. అడుగున కొత్త కణాలు మొలుస్తుంటాయి, పైన పాతవి రాలిపోతుంటాయి. మార్పిడికి ముందు ఎక్కించే హై డోస్ కీమో కలుపు మందు. వేగంగా పెరిగేదాన్నల్లా మాడ్చేస్తుంది, కలుపేదో నారేదో చూడదు. అడుగున మొలక ఆగిపోతుంది, పైన రాలడం మాత్రం ఆగదు. అందుకే కీమో ఎక్కించిన రోజు నోరు బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి పచ్చి పుండు. ఉమ్మి మింగాలన్నా ప్రాణం పోతుంది, కొందరికి మార్ఫిన్ పెట్టాల్సి వస్తుంది. దీనికి సబ్జా గింజలా?

ఇందులో నాకు భలే నచ్చేది ఐసు ముక్కల సంగతి. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మెల్ఫలాన్ అనే కీమో మందు రక్తంలో ఎక్కువసేపు ఉండదు. అది ఎక్కించే ముందు నుంచి, ఎక్కుతున్నంతసేపూ, తర్వాత కాసేపూ ఐసు చప్పరిస్తే నోట్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి. కాలవలో మందు నీళ్లు పారుతున్నంతసేపూ మన మడికి మడవ కట్టేసినట్టు! లక్షల ఖర్చయ్యే వైద్యంలో ఇది ఫ్రిజ్‌లో దొరికేది. ఐసు వార్డులో ఇచ్చిందే సుమా, బండి మీద ఐస్‌గోలా కాదు. గంటల తరబడి ఒంట్లో తిరిగే మందులకు మాత్రం ఈ చిట్కా పారదు.

(గ్లాసు చూపిస్తూ) గ్లాసు నీళ్లు, పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా. రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. మెత్తటి బ్రష్షు. మంటపెట్టే మౌత్‌వాష్ వద్దు. నాలుక మీద తెల్లటి పూత వస్తే ఫంగస్ కావచ్చు, వెంటనే చెప్పండి. తెల్లకణాలు పుంజుకున్నాక మడి మెల్లగా పచ్చబడుతుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. వేరేవాళ్ల కణాలు ఎక్కించుకుంటే ఇంకో గొడవ. మడికి కొత్త కాపలావాడు వచ్చాడు, మన నారునే కలుపనుకుని పీకుతున్నాడు. అంటే ఎక్కించిన కణాలే మన ఒంటి మీద దాడి చేస్తాయి. దీన్ని జీవీహెచ్‌డీ (గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్) అంటారు. నెలల తర్వాత బుగ్గ లోపల తెల్లటి గీతలు అల్లిక వేసినట్టు కనిపిస్తాయి, నోరెండిపోతుంది, కాస్త కారం తగిలినా భగ్గుమంటుంది. డాక్టరు స్టెరాయిడ్ నీళ్లు రాసిస్తారు: నాలుగైదు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. ఉమ్మి తగ్గితే పళ్లు పుచ్చుతాయి, అందుకు ఫ్లోరైడ్. ఈ జబ్బు ఉన్నవాళ్లకు నోటి క్యాన్సర్ ముప్పు ఏళ్ల తర్వాతా ఉంటుంది. ఆరు నెలలకోసారి డెంటిస్టుకు నోరు చూపించండి, మార్పిడి సంగతి ముందే చెప్పండి. గుట్కా జేబులో ఉంటే ఇప్పుడే పారేయండి.