నాన్న అరచేతికి మార్కులు

నమస్కారం అండీ! ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, హన్మకొండలోని మా ఇంటి నుంచి. వరంగల్ కోట చూపిస్తానన్నాను కదా, దానికంటే ముందు ఇంట్లో వేరే తమాషా జరిగింది.

పక్కవీధి ఆంటీ చిన్న యంత్రం పట్టుకొచ్చారు. నాన్న అరచేతిని దానికి ఆనించగానే నీలి కాంతి వెలిగింది. కాసేపటికి ఫోనులో ఒక అంకె వచ్చింది. "యాంటీఆక్సిడెంట్లు బాగా తక్కువున్నాయి అన్నయ్యా, ఈ మాత్రలు వాడితే వయసే తెలియదు" అన్నారు. అమ్మ అప్పటికే చేయి చాపి వరుసలో నిలబడింది!

యాంటీఆక్సిడెంట్లంటే ఒంట్లోని కణాలు దెబ్బతినకుండా కాపాడే పదార్థాలు. వాటిలో ఆ కాంతి కొలిచేది చర్మంలోని కెరోటినాయిడ్లను మాత్రమే, అంటే క్యారెట్‌కూ బొప్పాయికీ ఆ రంగునిచ్చే పదార్థాలను. కొన్ని వారాలుగా కూరగాయలు ఎంత తిన్నామో చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. విటమిన్ సి గానీ, ఒళ్లు తానే తయారుచేసుకునే గ్లూటాథయోన్ గానీ దానికి కనిపించవు. ఇక వయసు సంగతి దానికేం తెలుసు?

నన్ను కంగారు పెట్టింది మాత్రం మాత్రల డబ్బా. పైనే బీటా కెరోటిన్ అని ఉంది, అదీ ఒక కెరోటినాయిడే. నాన్నేమో సిగరెట్ తాగుతారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ మాట చెబితే ఆంటీ టీ చల్లారిపోతోందన్నారు.

సరే, నాన్న కంచం చూపిస్తాను, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. గుట్టంత అన్నం, అంచున రెండు చెంచాల బీరకాయ కూర. ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్లూ కూరగాయలూ కలిపి రోజుకు 400 గ్రాములైనా తినమంటుంది. ఇందులో ఎంతుంటుందో మీరే చెప్పండి. అందుకే కుమార్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి పాలకూర, టమాటాలు, జామకాయలు తెచ్చాం. పాలకూర పప్పుకు నూనె తాలింపు తప్పనిసరి. కెరోటినాయిడ్లు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. టమాటా నూనెలో మగ్గితే దానికి ఎరుపునిచ్చే కెరోటినాయిడ్, లైకోపీన్, ఇంకా బాగా అందుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిరప ఎరుపు కూడా కెరోటినాయిడ్ల పుణ్యమే. అది విని అమ్మ పచ్చడి జాడీ ముందుకు జరిపింది. ఉప్పు సంగతి గుర్తుచేసి వెనక్కి జరిపాను.

"సిగరెట్ మానమని ఆ యంత్రం చెప్పిందా బిడ్డా?" అన్నారు నాన్న, జామకాయ కొరుకుతూ.

అలా చెప్పే యంత్రమైతే నేనే కొనిచ్చేదాన్ని!