ఎర్ల్ లాయిడ్: తొలి ఆట, తర్వాతి పదేళ్లు

సభకు నమస్కారం.

1950 అక్టోబర్ 31న, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున బరిలోకి దిగిన ఎర్ల్ లాయిడ్, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ పోటీలో ఆడిన మొట్టమొదటి నల్లజాతి క్రీడాకారుడు. నిజానికి ఆ ఘనత ఆయనకు దక్కడానికి కారణం పోటీల తేదీలే. అదే ఏడాది చక్ కూపర్‌ను బోస్టన్ సెల్టిక్స్, నాట్ క్లిఫ్టన్‌ను న్యూయార్క్ నిక్స్ తీసుకున్నాయి. వారిద్దరూ మరికొద్ది రోజులకే ఆడారు. అందుకే నేను ఆ ఒక్క రాత్రి గురించి కాక, దాని ముందువెనుకల గురించి ఎక్కువగా చెప్పదలిచాను.

లాయిడ్ 1928లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో పుట్టారు. బడి, బస్సు, భోజనశాల అన్నీ చర్మపు రంగును బట్టి వేరుచేసిన ఊరది. ఆయన చదివిన పార్కర్-గ్రే పాఠశాల, ఆ తర్వాత చేరిన వెస్ట్ వర్జీనియా స్టేట్ కళాశాల, రెండూ నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడ్డవే. 1947-48లో ఆ కళాశాల జట్టు ఒక్క ఓటమీ ఎరుగదు.

క్యాపిటల్స్‌కు ఏడు ఆటలు ఆడేసరికి సైన్యం నుంచి పిలుపు వచ్చింది. ఆయన తిరిగి వచ్చేసరికి ఆ జట్టే లేదు. 1952లో సిరక్యూస్ నేషనల్స్‌లో చేరారు. అక్కడ డాల్ఫ్ షేస్ పాయింట్లు సాధిస్తుంటే, ఎదుటి జట్టులోని మేటి ఆటగాణ్ణి కట్టడి చేసే బాధ్యత లాయిడ్‌ది. మొత్తం మీద ఆయన సగటు ఆటకు ఎనిమిది పాయింట్ల పైచిలుకు మాత్రమే. అంకెలు చూసి ఆటగాణ్ణి అంచనా వేసేవారికి ఇది చిన్నదిగా తోచవచ్చు గానీ, ప్రేక్షకులు దూషిస్తున్నా, కొన్ని ఊళ్లలో తోటివారితో కలిసి భోంచేయనివ్వకపోయినా, ఎవరూ చప్పట్లు కొట్టని ఆ పనిని నిబ్బరంగా చేయడం నా దృష్టిలో ఆ తొలి ఆటకన్నా పెద్ద విషయం. 1955లో సిరక్యూస్ ఫైనల్ సిరీస్‌లోని ఏడో ఆటలో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 92-91తో, ఫోర్ట్ వేన్ పిస్టన్స్‌ను ఓడించి విజేతగా నిలిచింది. ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన జట్టులో నల్లజాతివారు ఉండటం అదే మొదలు: లాయిడ్, ఆయన సహచరుడు జిమ్ టక్కర్.

1960లో ఆట విరమించాక, 1971లో డెట్రాయిట్ పిస్టన్స్ ప్రధాన శిక్షకుడయ్యారు. ఆ జట్టు ఓటములే ఎక్కువ చూసింది, పదవీ ఎక్కువ కాలం నిలవలేదు. 2003లో, ఈ ఆటలోని మేటివారిని గౌరవించే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు స్థానమిచ్చింది. 2015లో కన్నుమూసిన లాయిడ్ ఆ గౌరవాన్ని స్వయంగా అందుకోగలిగారు. క్లిఫ్టన్‌కు 2014లో, కూపర్‌కు 2019లో అది దక్కేనాటికి వారిద్దరూ జీవించి లేరు.