ప్రింట్ సరే, మరి ఒరిజినల్ ఎక్కడ?

"ప్రింట్ బాగుందమ్మా, మరి ఒరిజినల్ ఎక్కడ పెట్టారు?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, సరోజినీ నాయుడు స్కూల్లో, ఎంఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేసే పిల్లల డిస్‌ప్లే చూద్దామని వెళ్లా. ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చు చేసి దాంతో తీసే బొమ్మల గోడ దగ్గర, ఓ పెద్దాయన సరిగ్గా ఇదే అడిగాడు. "ఇదే అంకుల్ ఒరిజినల్" అంది ఆ అమ్మాయి. ఆయన నమ్మలేదు. పాపం, మనకి ప్రింట్ అంటే జిరాక్స్ షాపే కదా!

మీ ఇంట్లో తాండూరు బండలున్నాయా? ముగ్గు తుడిచాక పైనున్న పిండి పోతుంది, సందుల్లో దూరింది మాత్రం అక్కడే కూర్చుంటుంది. ప్రింట్ తీసే పద్ధతుల్లో ఒకటైన ఎచింగ్ అంటే అదే. బండకి బదులు జింకు ప్లేటు, పిండికి బదులు ఇంకు.

మరి ప్లేటు మీద సందులెలా వస్తాయి? ముందు ప్లేటంతా మైనం లాంటి పూత పూస్తారు. దాని మీద సూదితో బొమ్మ గీస్తే, గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. అప్పుడు నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో పెడితే, ఆ గీతల్ని మాత్రమే యాసిడ్ తినేస్తుంది. తింటూ బుడగలు కక్కుతుంది. ఆ బుడగల్ని పక్షి ఈకతో మెల్లగా తోస్తారు, లేకపోతే గీత సమంగా రాదు. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. లేత గీతల్ని మధ్యలో వార్నిష్‌తో మూసి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. ఇందులో జిరాక్స్ ఎక్కడుందండీ?

మళ్లీ మన బండ దగ్గరికి. ఇంకు రుద్ది, పైపైన గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. తడి గుడ్డ బండకి అదిమితే సందుల్లో పిండి గుడ్డకి అంటుకున్నట్టు, ఇంకు కాగితం మీదికి వస్తుంది, అదీ తిరగేసి! అందుకే ప్లేటు మీద పేరు రాయాలంటే అద్దంలో రాసినట్టు రాయాలి. ఇంకో కాపీ కావాలా? మళ్లీ ఇంకు, మళ్లీ తుడుపు. చేత్తో తుడిచేది కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు.

ఎచింగ్‌లకి పేరున్న మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి మేకల బొమ్మలు చూసే ఉంటారు. మెదక్ వైపు నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో చదివి, ఈ స్కూల్లోనే పాఠాలు చెప్పారు. ఆ సన్నటి గీతలు చూశాకైనా 'కాపీ' అనబుద్ధవుతుందా?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. చెక్క మీద చెక్కే వుడ్‌కట్‌లో అంతా తలకిందులు, ఎత్తుగా ఉన్నచోటే ఇంకు. పెడన కలంకారీ అచ్చు లాగా. లితో (లితోగ్రఫీ), అంటే రాయి మీద బొమ్మ గీసి తీసే ప్రింట్ అయితే, రాయి నున్నగానే ఉంటుంది. జిడ్డుకీ నీళ్లకీ పడదు, దాంతోనే బొమ్మ. దానికి వేరే వీడియో చేయాలి.

కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే, తీసిన పదింట్లో ఇది మూడో నంబరుదని. పదీ ఒరిజినల్సే. ఇదంతా ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, "మూడోదా? ఫస్టొచ్చింది ఎవరిదమ్మా?" అన్నాడు.