బౌండరీ గీత దగ్గర

శ్రోతలకు నమస్కారం.

2021 జనవరి 10, సిడ్నీ. భారత్, ఆస్ట్రేలియా మూడో క్రికెట్ టెస్టు నాలుగో రోజు. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న మహమ్మద్ సిరాజ్ ఆట ఆపించాడు. వెనక జనంలోంచి వస్తున్న మాటల సంగతి కెప్టెన్ రహానేకి చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు. పోలీసులు వచ్చి ఆరుగురిని బయటికి పంపేశారు.

మన హైదరాబాద్ కుర్రాడు. ఆటో నడిపి పెంచిన తండ్రి పోయి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. కడసారి చూపుకు కూడా రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. అలాంటివాణ్ణి రంగు పట్టుకుని తిట్టారంటే మనందరికీ ఒళ్లు మండింది. తిట్టిన మాట నిజమేనని ఆస్ట్రేలియా బోర్డు విచారణ చేసి ఒప్పుకుంది. కాకపోతే, బయటికి పంపిన ఆరుగురూ ఆ తిట్టినవాళ్లు కారట!

తర్వాతి టెస్టులో, బ్రిస్బేన్‌లో, ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు సిరాజ్. బంతితోనే జవాబు చెప్పాడని పత్రికలు మురిసిపోయాయి. నాకెందుకో ఆ మాట మింగుడుపడదు. వికెట్లు పడకపోతే పడ్డ తిట్లు న్యాయమైపోతాయా? అదే ఏడాది జులైలో యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు తప్పిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకాలను సొంత ఇంగ్లండ్ అభిమానులే రంగు పేరుతో తిట్టిపోశారు. సాకాకి అప్పుడు 19 ఏళ్లు.

సరే, పరాయి దేశాల సంగతి. మరి మన హైదరాబాద్ జెర్సీ వేసుకుని ఐపీఎల్ ఆడిన డారెన్ సామీ? వెస్టిండీస్‌కు రెండు టీ20 ప్రపంచకప్పులు తెచ్చిన కెప్టెన్. ఇక్కడ తనను 'కాలూ' అని పిలిచేవాళ్లని 2020 జూన్‌లో బయటపెట్టాడు. బలమైనవాడని అర్థమేమో అనుకున్నాడట. పిలిచినప్పుడల్లా చుట్టూ నవ్వులు. జట్టు సంతోషంగా ఉంది కదా అని ఊరుకున్నాడు. 'నల్లోడా' అని అసలు అర్థం తెలిశాక, అలా పిలిచినవాళ్లు తనకు ఫోన్ చేయాలని అడిగాడు. ఒకరు మాట్లాడారు. ప్రేమతోనే అన్నామన్న భావం చెబితే, సామీ సరేనన్నాడు. గొడవ సద్దుమణిగింది.

ప్రేమతోనే. మన ఇళ్లలోనూ అంతే కదండీ, 'ఒరే కర్రోడా' అని ముద్దుగానే పిలుస్తాం. ఆ పిల్లాడు మాత్రం ఆ మాటకి అర్థమేమిటని సామీలా ఎవరినీ అడగక్కర్లేదు. వాడికి మొదట్నుంచీ తెలుసు.