గుడ్లగూబ ఏం చేస్తోంది?

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ బొమ్మ పేరు ‘పక్షుల సృష్టి’. స్పెయిన్‌లో పుట్టిన చిత్రకారిణి రెమెడియోస్ వారో 1957లో మెక్సికోలో వేశారు. బల్ల ముందు కూర్చుని బొమ్మ గీస్తున్న గుడ్లగూబ స్త్రీ.

చూడగానే మనసులో మెదిలే ప్రశ్న ఒకటే: గుడ్లగూబ దేనికి గుర్తు? గ్రీకులైతే ఎథీనా పక్షి, జ్ఞానం అంటారు. మన ఊళ్లలో ఇంటి మీద వాలితే కీడంటారు. బెంగాల్లో అది లక్ష్మీదేవి వాహనం. వీటిలో ఏ అర్థం పట్టుకున్నా బొమ్మ చూడటం అక్కడితో ఆగిపోతుంది. అందుకే ప్రశ్న మార్చమంటాను. గుడ్లగూబ ఏం చేస్తోంది?

జాగ్రత్తగా చూడండి. కిటికీ అవతలి నక్షత్రధూళిని కోడిగుడ్ల ఆకారపు పాత్రలు లోపలికి లాగుతున్నాయి. అది గొట్టాల్లోంచి దిగి పళ్లెంలో మూడు మూల రంగులుగా పడుతోంది. ఆమె కుడిచేతి కుంచె, మెడలో వేలాడే వయొలిన్‌కు కలిసి ఉంది. ఆ వయొలిన్ ఉన్నది సరిగ్గా గుండె దగ్గర. ఎడమచేతిలో ముక్కోణపు అద్దం. దానిలోంచి విరిగిన కాంతి కాగితం మీది పిట్టను తాకగానే పిట్టకు ప్రాణం వచ్చి ఎగిరిపోతోంది.

ఇందులో ఏదీ అలంకారానికి పెట్టింది కాదు, ప్రతి వస్తువుకూ ఒక పని ఉంది. వారో తండ్రి నీటిపారుదల ఇంజనీరు. చిన్నప్పుడే కూతురి చేత తన ప్లాన్లు గీయించేవాడు. ఆ గొట్టాల అమరికలో ఆయన నేర్పిన చెయ్యి తెలుస్తూనే ఉంటుంది.

స్పెయిన్ అంతర్యుద్ధంతో ఆమెకు స్వదేశం దూరమైంది. నాజీలు ఆక్రమించిన ఫ్రాన్స్ నుంచి తప్పించుకుని 1941 చివర్లో మెక్సికో చేరారు. కాబట్టి ఎగిరే పిట్టల్ని స్వేచ్ఛగా చదవచ్చు. కాదనను. కానీ గుడ్లగూబ చూపు ఎగిరే పిట్టల మీద లేదు, కాగితం మీద ఉంది. నాకు ఇది స్వేచ్ఛ గురించి కన్నా పని గురించి వేసిన బొమ్మ అనిపిస్తుంది.

1924 మ్యానిఫెస్టోలో ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెతాఁ సర్రియలిజం అనే కళా ఉద్యమాన్ని బుద్ధి అదుపు లేని మనోవ్యాపారంగా నిర్వచించాడు. వారో ఆ బృందంలోని మనిషే. అయినా ముందుగా చిత్తు బొమ్మ పూర్తిగా గీసుకుని, దాన్ని పలక మీదికి దించుకుని, సన్న కుంచెతో ఓపిగ్గా రంగు వేసేవారు. ఈ గుడ్లగూబకు రంగు ఆకాశం నుంచి వస్తోంది, కాంతీ బయటినుంచే వస్తోంది. గీత మాత్రం ఆమే గీసుకోవాలి. బ్రెతాఁకు వారో ఇచ్చిన జవాబు అదేనని నా నమ్మకం.